కిటికీలో ఏముంది?

పచ్చ లైటు వెలుగుతోంది. వెలగనీ. నేను మాత్రం నమ్మను. ఎదురుగా బల్ల మీద కూర్చుని నా మొహం మీదే అబద్ధమాడుతున్న పెట్టె ఇది, పైగా ఆ అబద్ధం దానికి నేర్పింది నా వేళ్లే, పొద్దున బావ ఫోన్లో ఒక్కొక్కటే చెప్తూ పోతుంటే నేను ఒక్కొక్కటే కొడుతూ పోయాను, అది తీసెయ్, ఇది ఆపెయ్, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టు అన్నాడు, మొదలుపెట్టాను, నిన్నటి నుంచీ ఎర్రగా కొట్టుకుంటున్న లైటు ఒక్కసారిగా బుద్ధి తెచ్చుకుని పచ్చగా మారింది. చూశావా, వచ్చింది, అన్నాడు. ఎవరొచ్చారు బావా, ఎక్కణ్ణుంచి వచ్చారు, అని అడగబోయేలోపే ఫోన్ పెట్టేశాడు, ఆయనకి తెలుసు నేను అడుగుతానని, అందుకే పెట్టేశాడు. కుర్చీకి ఒక కాలు పొట్టి. ఎటు ఒరిగినా టక్కుమంటుంది. పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది, వేడెక్కిన దుమ్ము వాసన వస్తోంది, నాకు ఒళ్లు మండుతోంది, ఇంకో గంట ఇక్కడే కూర్చోవాలి.

కింద మార్కెట్లో టమాటాల బేరం జరుగుతోంది. ఇస్తావా ఇవ్వవా, ఇవ్వను, సరే పోతున్నా, సరే రా. ఎంత హాయి వాళ్లకి, ఎదురుగా మనిషి ఉన్నాడు. నేనున్నది మార్కెట్ మేడ మీద గదిలో, నా నెత్తిన సైరన్, కిటికీలోంచి చూస్తే నది, ఒడ్డున వరసగా ఇళ్లు, ఆ వరస చివర్లో మా అమ్మ ఇల్లు. నది ఎగువన, కొండ మలుపు అవతల, చాలా దూరంలో ఆనకట్ట. అక్కడి కంట్రోల్ రూములో ఇలాంటిదే ఇంకో పెట్టె. గేట్లు ఎత్తాల్సొస్తే అక్కడ మీట నొక్కుతారు, ఆ మాట తీగ వెంట ఇక్కడికొచ్చి సైరన్ మోగిస్తుంది, ఒడ్డున ఉన్నవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మెరకకి ఎక్కేస్తారు. సెల్‌ఫోన్లున్నాయిగా అంటారు కొందరు, గాలివాన రాగానే ముందు మూగబోయేవి అవే, అందుకే ఈ తీగ, అందుకే ఈ పెట్టెలు, అందుకే ఏడాదిగా నేనూ బావా తిండీ నిద్రా మానుకున్నాం. ఇవాళ ప్రారంభోత్సవం. ఆనకట్ట దగ్గర షామియానా వేశారు, పెద్దాయన వస్తున్నాడు, ఆయన మీట నొక్కుతాడు, సైరన్ ఇక్కడ మోగుతుంది, మోగినట్టు అక్కడివాళ్లకి తెలియాలి కాబట్టి బావ నాకు ఫోన్ చేసి స్పీకరు పెట్టి మైకు ముందు ఉంచుతాడు. అసలు సంగతేమిటంటే పెద్దాయన మీట నొక్కినా ఇక్కడికి ఏమీ రాదు. కాబట్టి ఫోన్లో చప్పట్లు వినగానే నేను ఈ గోడ మీది మూత ఎత్తి, దాని కింద ఉన్న బొత్తం చేత్తో నొక్కాలి. నోరు విప్పకూడదు. బావ మరీ మరీ చెప్పాడు, నువ్వు నోరు విప్పకు, సైరన్ ఒక్కటే వినపడాలి. నా సంగతి ఆయనకి బాగా తెలుసు.

తీగ ఉన్నంత మాత్రాన సంబంధం ఉన్నట్టు కాదు. ఈ ముక్క నాకు చెప్పింది ఎవరనుకున్నారు, ఈయనే, అక్కావాళ్లింట్లో భోజనాల బల్ల మీద, రెండు నీళ్లగ్లాసులు ఎదురెదురుగా పెట్టి మధ్యలో చెంచా అడ్డంగా ఆనించి. నాన్న పోయాక నన్ను చదివించిందీ, ఈ పనిలో పెట్టిందీ, మొండీ అని పేరు పెట్టిందీ ఆయనే. చూడు మొండీ, ఈ గ్లాసు ముందు అడుగుతుంది, నా మాటలు ఇంత పొడుగుంటాయి, ఈ పద్ధతిలో పంపిస్తాను, నీకు సమ్మతమేనా అని. ఆ గ్లాసు సమ్మతమే అనొచ్చు, అంత వద్దు ఇంతైతే సరే అనొచ్చు, లేదా ఆ ఊసు నా దగ్గర ఎత్తకు, నాకది తెలీదు అనొచ్చు. కోపాలు లేవు, అలకలు లేవు, కుదిరేదాకా అడుగుతూనే ఉంటారు. అయితే ఒక చివర అడిగి ఊరుకుంటే చాలదు. రెండో చివర కూడా తనకేం కావాలో అడగాలి, దానికి ఇవతలి నుంచి సమ్మతి రావాలి, అప్పుడే లైను తెరుచుకున్నట్టు. ఇందులో యజమాని చివర, నౌకరు చివర అంటూ ఉండవు, ఇద్దరూ సమానమే, అన్నాడు. అది వినగానే నేను ఈ పనికి అమ్ముడుపోయాను. మా ఇంట్లో ఎవరూ నన్ను నీకు సమ్మతమేనా అని అడిగిన పాపాన పోలేదు, పెద్దక్క చీర, పెద్దక్క పుస్తకాలు, పెద్దక్క చెప్పినట్టు విను, ఇక్కడ చూస్తే ప్రాణం లేని పెట్టెలు ఒకదాన్నొకటి అంత మర్యాదగా అడుగుతున్నాయి. అక్క వంటింట్లోంచి కేకేసింది, ఆ చెంచా పప్పులోది, పాఠం అయ్యాక కడిగి ఇవ్వండి అని.

మరి తీగ మధ్యలో ఎక్కడో మడతపడి మన మాట మనకే వచ్చేస్తే, అన్నాను. బావ మొహం ఎలా వెలిగిపోయిందో నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. చెంచా తీసేశాడు. గ్లాసు ముందు అక్క చేతి అద్దం తెచ్చి నిలబెట్టాడు. అదే అడుగుతుంది, అదే వింటుంది, అదే సమ్మతమే అంటుంది, ఆ సమ్మతం కూడా తిరిగొచ్చి దాని చెవినే పడుతుంది, ఇంకేం, లైను తెరుచుకుందనుకుంటుంది పాపం, సంబరంగా పచ్చ లైటు వేసుకుంటుంది, అవతల మనిషి పుట్టనే లేదు. అందుకని ప్రతి చివరా మొదటి మాటతో పాటు తనకి తోచిన ఒక అంకె వేసి పంపుతుంది. మ్యాజిక్ నంబర్ అంటారు, పేరు చూసి మోసపోకు, అందులో మ్యాజిక్ ఏమీ లేదు. ఎదుటివాడి నుంచి వేరే అంకె వస్తే అక్కడ వేరే ఎవరో ఉన్నట్టు. నీ అంకే నీకు తిరిగొస్తే ఇంకో అంకె మార్చి చూస్తావు, మళ్లీ అదే తిరిగొస్తే, మళ్లీ అదే వస్తే, ఇక అర్థమైపోవాలి, నువ్వు నీతోనే మాట్లాడుకుంటున్నావు. నిన్నటి నుంచీ ఈ పెట్టె నాకు మొత్తుకుంటున్నది అదే. నా అంకే నాకొస్తోంది, నా అంకే నాకొస్తోంది. మధ్య దారిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉంది, ఎవడో పరీక్ష కోసం పోయే తీగనీ వచ్చే తీగనీ ముడేసి, తియ్యడం మర్చిపోయి ఇంటికెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే మా వైపు అంతా బాగానే ఉందండీ అంటున్నారు, ఏం బాగానో. లోపలికెళ్లి చూడాలంటే అనుమతులు రావాలట, వారమైనా పడుతుందట. పొద్దున బావ తీసెయ్యమన్నది ఈ అంకెనే. నేర్పిన నోటితోనే.

రెండోది కూడా తీయించాడు. దాన్ని మేం సవాలు అంటాం. ఇద్దరికీ మాత్రమే తెలిసిన రహస్యం ఒకటి ఉంటుంది, అది తీగ మీద ఎప్పుడూ ప్రయాణం చెయ్యదు, ఎవడైనా దారిలో వింటే పోయింది కదా, అందుకని ఒకరు ఒక చిక్కులెక్క ఇస్తారు, రహస్యం తెలిసినవాడే ఆ లెక్కకి సరైన జవాబు చెప్పగలడు. నువ్వెవరు అని అడగరు, నువ్వే అయితే ఇది చెప్పు అంటారు. బావ కూడా అలాంటివాడే, నా మీద ప్రేముందని ఒక్కనాడూ అనలేదు, పరీక్షల ముందు రోజుల్లో బస్సు దాకా నడిచొచ్చి నిలబడేవాడు, బస్సు కదిలేదాకా ఏవో వైర్ల సంగతులు మాట్లాడేవాడు, నాకు అర్థమయ్యేది. అలాంటి మనిషి ఇవాళ సవాలు తీసెయ్ అన్నాడు. తీసేశాను. పెట్టె తనని తనే నమ్మేసింది.

పావురం ఒకటి కిటికీ చట్రం మీద వాలి మెడ తిప్పి లోపలికి చూస్తోంది. చూడు తల్లీ చూడు, ప్రారంభోత్సవానికి ఈ వైపు అతిథివి నువ్వొక్కదానివే. కిటికీ అంటే గుర్తొచ్చింది, గుర్తు రావడమేమిటి, పొద్దున్నుంచీ అదే కదా నా గొంతులో అడ్డం పడి ఉన్నది. మా వాళ్లకి, అంటే బావ దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ, ఒక నియమం ఉంది, ఏ లైను తెరిచినా పెట్టెలు మాట్లాడుకున్నాక మనుషులు కూడా ఒకసారి ఆ లైను మీద మాట్లాడుకోవాలి. హలో వినపడుతోందా అని అడగం, అది మాకు నిషిద్ధం. కిటికీలో ఏముంది అని అడుగుతాం. అవతలివాడు తన కిటికీలో ఆ క్షణాన కనపడుతున్నది చెప్పాలి, ఆ తర్వాత వాడూ అడగాలి, మనమూ చెప్పాలి, రెండూ అయ్యాకే లైను ఉన్నట్టు. ఎందుకంటే బావ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి ముడిపడ్డ తీగ మీదే హలో అన్నాడట, అటునుంచి హలో వచ్చిందట, బాగున్నారా అంటే బాగున్నారా అని వచ్చిందట, లైను బాగుందండీ అంటే బాగుందండీ అన్నారట. ఎవరో ఎంత మర్యాదస్తుడో అనుకుని, సంతోషంగా లైను పాసు చేసేసి ఇంటికెళ్లి భోంచేశాడట. ఈ కథ ఆయన చెప్తుంటే మేం పడీ పడీ నవ్వేవాళ్లం, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. కిటికీలో ఏముంది అంటే ఎన్ని జవాబులు విన్నాను, ఒకావిడ దుప్పట్లు ఆరేస్తోంది, గోడుందండీ ఉత్త గోడ, ఇద్దరు తగువాడుకుంటున్నారు ఉండండి ఎవరు గెలుస్తారో చూసి చెప్తా. ఒకతను ఈ గదికి కిటికీయే లేదండీ అని ఏడుపు గొంతుతో అన్నాడు, బావ పొంగిపోయాడు, ఇంతకంటే మంచి జవాబు ఉండదన్నాడు, మనం ఊహించలేనిది వచ్చిందంటే అక్కడ మనిషి ఉన్నాడు. ఇవాళ ఈ లైనుకి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అమ్మ కూడా ఇలాగే పచ్చ లైటు వేసుకుని కూర్చుంది కొన్నేళ్లు. అక్క ఫోన్ చేసి మందులు వేసుకున్నావా అంటే వేసుకున్నా అనేది, పిల్లాడికి జ్వరమమ్మా అంటే జ్వరమా అనేది, ఎంత దిగులుగా అనేదంటే అవతల అక్క కళ్లు తుడుచుకునేది. అమ్మ ఎంత బాగా వింటుందో, నీలాగా మధ్యలో అడ్డం రాదు, అని నాకు చురకలు. మాట తోక ఒక్కటే ఆవిడకి అందుతోందని, ఆ తోక పట్టుకుని తిరిగి ఇచ్చేస్తోందని ఎవరికీ తట్టలేదు, నాకు మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకునేది, ఈ మర్యాద నేను ఎక్కడో విన్నాను. ఒక మధ్యాహ్నం ఫోన్లో అడిగేశాను, అమ్మా కిటికీలో ఏముంది అని. ఏముందమ్మా, ఏముంది, అంది అమ్మ నిట్టూరుస్తూ. ఆ తర్వాత డాక్టరు, పరీక్షలు, చెవి మిషను, ఇంట్లో రణరంగం. అక్క ఒంటికాలి మీద లేచింది, ముసలావిడ పరువు తీశావు, ఆవిడ పాటికి ఆవిడ సంతోషంగా ఉంది కదా అని. సంతోషంగా ఉంది, అవును. అమ్మ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ఒక్క మాటే అంది.

"నువ్వు చెప్పేదాకా నాకు చెవులున్నాయే."

ఆ మాట ఇప్పటికీ నన్ను తింటుంది. రాత్రి అన్నం ముందు కూర్చున్నా తింటుంది, ఇక్కడ ఈ పొట్టికాలి కుర్చీలో కూడా తింటోంది, నిజం చెప్పి నువ్వు బావుకున్నదేమిటే అని. కానీ ఆ తర్వాత ఒకరోజు అమ్మే ఫోన్ చేసింది, తనంతట తనే, పక్కింటివాళ్ల తలుపు కిర్రుమంటోంది, నూనె వెయ్యమని వాళ్లకి చెప్పవే, చెవులు చిల్లులు పడుతున్నాయి అని ఒకటే సణుగుడు. నేను ఫోన్ పట్టుకుని నవ్వాను, ఏడ్చాను, ఎందుకే ఆ వెక్కిళ్లు అని తిట్టింది. అంత మంచి తిట్టు నేను అంతకుముందు తినలేదు. ఏళ్ల తర్వాత అవతలి చివర మా అమ్మ ఉంది. కాబట్టి నాకెవరూ చెప్పక్కర్లేదు, సంతోషంగా ఉన్నారు కదా వదిలెయ్ అని నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇందాక అక్క ఫోన్ చేసింది. బావ చేయించాడని నేను అనుకోను, ఆయన అంత దిగజారడు, తనే చేసింది, ఆనకట్ట దగ్గర ముందు వరసలో కూర్చుందట, కొత్త చీర గుచ్చుకుంటోందట. అటూ ఇటూ తిప్పి అసలు మాటకి వచ్చింది. వచ్చే నెల ఆయన రిటైరవుతున్నారు, ఉద్యోగమంతా గోతుల్లో, స్తంభాల మీద గడిచిపోయింది, ఒక్కనాడు ఎవరూ శాలువా కప్పలేదు, ఇవాళ నలుగురిలో ఆయన పేరు చదువుతారు, అది పాడుచెయ్యకు. అక్క ఉన్నట్టుండి గొంతు తగ్గించింది.

"ఒక్క బొత్తం నొక్కడానికి ఇంత రాద్ధాంతమా? నా మీద ప్రేమ ఉంటే నొక్కవే."

ఇదిగో, ఇదే, రహస్యాన్ని తీగ మీద నగ్నంగా పంపించడం అంటే ఇదే. నీ మీద ప్రేమ ఉందక్కా, నీ పాత చీరలన్నీ కట్టాను, నీ పెళ్లిలో నీకంటే ఎక్కువ ఏడ్చాను, కానీ అది రుజువు చెయ్యడానికి ఇది కాదు లెక్క. ఇంకేదైనా అడుగు. ఇవన్నీ అనాలనుకున్నాను, సరే అక్కా మళ్లీ మాట్లాడతా అన్నాను, అదొక్కటే నోటికొచ్చింది. సరే అంటే ఒప్పుకున్నానని అనుకుని ఉంటుంది. అనుకోనీ. ఒక చివర అనుకుంటే సరిపోదు.

వారంలో సరిచేద్దాం అన్నాడు బావ. ప్రారంభోత్సవం అయిపోనీ, మర్నాడే ఎక్స్ఛేంజి వాళ్ల మెడ మీద కూర్చుందాం. కూర్చుంటాడా? ఎవరు కూర్చోనిస్తారు? పచ్చ లైటు వెలుగుతున్న పెట్టెని విప్పడానికి ఏ ఆఫీసూ మనిషిని పంపదు, బాగానే ఉంది కదండీ అంటారు, చప్పట్లు కూడా కొట్టాం కదండీ అంటారు, ఆయనేమో వచ్చే నెలకల్లా ఇంట్లో వాలుకుర్చీలో ఉంటాడు, నేను ఒక్కదాన్నే గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ తిరుగుతాను. అదైనా భరిస్తాను. భరించలేనిది వేరే ఉంది. పొద్దున మైకు బండి ఒకటి నది ఒడ్డు వీధిలో తిరిగింది, ఇవాళ సైరన్ మోగుతుంది, కంగారు పడకండి, ప్రారంభోత్సవం, అని చెప్పింది, అంతవరకూ బాగానే ఉంది, చివర్లో ఆఫీసులో ఏ మహానుభావుడు రాసిచ్చాడో ఇంకో వాక్యం చదివింది. ఇకమీదట సైరన్ మోగనంత సేపూ మీకు ఏ భయమూ లేదు, హాయిగా పడుకోండి. హాయిగా. ఈ తీగ మీద ఆనకట్ట కూలిపోతోందని అరిచినా ఇక్కడికి చీమ చిటుక్కుమన్న చప్పుడు రాదు, ఆ నిశ్శబ్దాన్ని వాళ్లు క్షేమం అనుకుంటారు, వాన పడుతుంటే కిటికీలు మూసుకుని నిద్రపోతారు. ఇన్నాళ్లూ అలా పడుకునేవాళ్లు కాదు. వంతులేసుకుని ఎవరో ఒకరు నదిని చూస్తూ మేలుకునేవాళ్లు, అమ్మ కూడా వంతు కూర్చునేది, చెవులు లేకపోతేనేం కళ్లున్నాయి కదా అనేది. ఇవాళ నేను ఈ బొత్తం నొక్కితే ఆ కళ్లు మూస్తున్నది నేనే. ఏమీ లేకపోవడం కంటే ఇది పాపం. ఏమీ లేనప్పుడు వాళ్లు కనీసం మేలుకుని ఉన్నారు.

బావకి ఇది తెలీదా? తెలుసు. అదే నా మంట. ఏమీ తెలియని పెద్దమనిషి ఎవడో చెప్పి ఉంటే నాలుగు తిట్టుకుని లేచిపోయేదాన్ని. తెలిసిన మనిషి, గ్లాసు ముందు అద్దం పెట్టిన మనిషి, శాలువా కోసమా? కాదు, శాలువా కోసం కాదు, ఆయన అలసిపోయాడు, నాకు తెలుసు, పొద్దున ఆ గొంతులో విన్నాను, ఎన్నాళ్లు ఎంతమందికి లేదు లేదు అని చెప్తాడు ఒక మనిషి, ఒక్కసారి ఉంది అని చెప్పి ఇంటికెళ్లిపోవాలనిపించి ఉంటుంది. జాలేస్తోంది. జాలి పడటానికి నాకేం అభ్యంతరం లేదు, జాలిపడుతూనే నొక్కను. ఆయన దగ్గరే నేర్చుకున్నాను కదా, అంత వద్దు ఇంతైతే సరే అనొచ్చని. నేను ఇవ్వగలిగింది ఇస్తాను బావా, మీ వెంట ఎక్స్ఛేంజికి వస్తాను, వాళ్ల గుమ్మంలో బైఠాయిస్తాను, రిటైరయ్యాక మీ ఇంటికొచ్చి రోజూ మీ పాత కథలు మొదటిసారి విన్నట్టు వింటాను. ఇది మాత్రం నా దగ్గర ఎత్తకండి.

ఫోన్ మోగింది. అదిరిపడ్డాను, ఇంతసేపూ దీని కోసమే కూర్చుని, మోగితే ఉలిక్కిపడటం ఏమిటో. ఎత్తాను, నోరు విప్పలేదు. అటునుంచి కుర్చీలు జరుగుతున్న చప్పుడు, మైకు కీచుమంది, ఎవరో దగ్గారు, ఎవరో బావ పేరు చదివారు, ఆ పేరు మైకులో వింటే నాకు కూడా గర్వంగానే ఉంది, చప్పట్లు, ఇవి కాదు, ఇవి పేరుకి. తర్వాత పెద్దాయన గొంతు కాసేపు, నది గురించీ ప్రజల గురించీ. పావురం ఎగిరిపోయింది. మూత ఎత్తి ఉంది, ఎప్పుడెత్తానో నాకే తెలీదు, చెయ్యి అలవాటుగా ఎత్తేసినట్టుంది, బొత్తం ఎర్రగా, నున్నగా, కొత్తగా ఉంది. ఇప్పుడు. చప్పట్లు వర్షంలా వచ్చాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

చప్పట్లు పల్చబడ్డాయి. ఒక్కరిద్దరు మళ్లీ కొట్టి ఆపేశారు. అక్కడ ఒక పెద్ద షామియానా నిండా జనం నా ఫోన్లోంచి వచ్చే నిశ్శబ్దం వింటున్నారు, వినండి, మీ లైను ఇదే, దీన్ని మించి ఏమీ రాదు దాని మీద. ఎవరో గుసగుసలాడారు. బావ ఫోన్ దగ్గరికి వచ్చాడు, ఊపిరిని బట్టి గుర్తుపట్టాను.

"సైరన్ రాలేదమ్మా," అన్నాడు. ఆఫీసు గొంతు. అమ్మా అంటున్నాడు, మొండీ అనట్లేదు.

ఇంకా నొక్కొచ్చు. ఆలస్యమైంది అనుకుంటారు, నవ్వేస్తారు, మళ్లీ చప్పట్లు కొడతారు. నేను స్పీకర్లో ఉన్నానని నాకు తెలుసు, నా గొంతు మైకులోంచి ఆ జనం మీద పడుతుందని తెలుసు, ముందు వరసలో కొత్త చీరలో అక్క ఉందని తెలుసు.

"బావా, మీ కిటికీలో ఏముంది?"

ఎవరో నవ్వారు. పిచ్చిపిల్ల ఎవరో అనుకుని ఉంటారు. తర్వాత నవ్వు కూడా లేదు. ఆయన స్పీకరు ఆపెయ్యొచ్చు, లైనులో ఏదో అంతరాయమండీ అని చిరునవ్వుతో కట్ చెయ్యొచ్చు, నా ఉద్యోగం సాయంత్రానికి ఊడొచ్చు, అక్క నాతో ఇక మాట్లాడకపోవచ్చు. ఊడనీ. నేను అడిగేశాను. నా వంతు ప్రశ్న నేను పంపేశాను, నా అంకె నేను వేసేశాను, ఇప్పుడు అటునుంచి వచ్చేది నా మాటే అయితే అక్కడ ఎవరూ లేరు. కుర్చీ టక్కుమంది. ఊపిరి వినపడుతోంది, వస్తోంది, పోతోంది.

"మబ్బు," అన్నాడు బావ. "నల్లగా దిగింది. అవతలి కొండ కనపడట్లేదు."

నా కిటికీలో ఎండ కాస్తోంది. నదిమీద తళతళలాడుతోంది, ఒక్క మబ్బు తునక లేదు. కాబట్టి అది నా మాట కాదు, నేను ఊహించింది కాదు, అది అక్కడి నుంచే వచ్చింది. వినపడింది బావా, అన్నాను. వినపడింది అని చెప్పాలి, అది పద్ధతి, లేకపోతే అవతలివాళ్లకి ఎలా తెలుస్తుంది. కానీ పద్ధతి ఇంకా పూర్తి కాలేదు, సగమే అయింది, రెండో సగం ఆయన చేతిలో ఉంది, నేను ఆ సగం ఆయనకి అందించలేను, ఆయనే అడగాలి. అటు ఎవరో ఏంటండీ ఇది అంటున్నారు చిరాగ్గా.

"మొండీ," అన్నాడు. "నీ కిటికీలో ఏముంది?"

నేను లేచి కిటికీ దగ్గరికెళ్లాను. ఒడ్డున వరస చివర్లో, పెరట్లో బట్టలారేసే తీగ పక్కన అమ్మ నిలబడి ఉంది. చెవి మిషను పెట్టుకుని, దాని వెనక అరచెయ్యి కూడా అడ్డం పెట్టుకుని, మొహం పైకెత్తి మా మేడ వైపే చూస్తోంది. కళ్లు మూసుకుని ఉంది, బాగా వినడం కోసం.

"అమ్మ ఉంది బావా. పెరట్లో నిలబడింది. సైరన్ కోసం వింటోంది."

తర్వాత బావ ఫోన్ బల్ల మీద పెట్టిన శబ్దం వచ్చింది, ఆయన రెండడుగులు ముందుకేసిన శబ్దం, గొంతు సవరించుకున్న శబ్దం. మాట నాకు కాదు, నాకు దూరంగా, ఆ జనం వైపు తిరిగి, మైకు అక్కర్లేనంత గట్టిగా అన్నాడు.

"లైను లేదండీ."

నేను గోడ మీది మూత దించేసి, కూర్చుని, పొద్దున తీసేసిన అంకెని మళ్లీ పెట్టాను. పచ్చ లైటు ఆరిపోయి ఎర్రగా కొట్టుకోవడం మొదలైంది.